పీడీపీ-8 సిమ్యులేటర్‌కు తొలి గైడు రాయడం ఎలా?

పోయిన వేసవి సెలవుల్లో మా మేనకోడలు నా పక్కన కూర్చుని పీడీపీ-8 సిమ్యులేటర్‌ను, అంటే ఆ పేరున్న పాత కంప్యూటర్‌ను ఈనాటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామును, మొదటిసారి నడిపింది. నేను రాసిన గైడు ఆమె చేతిలో ఉంది. డిస్కు తగిలించింది, బూట్ ఆదేశం ఇచ్చింది. తెరపై ఒక చుక్క వచ్చింది. ఆమె చేతులు కట్టుకుని ఎదురుచూడసాగింది. కొన్ని నిమిషాలు గడిచాక, "ఇంకా లోడవుతూనే ఉందా మామయ్యా?" అని అడిగింది.

ఆ చుక్క ఓఎస్/8 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మనల్ని పలకరించే తీరు. నేను సిద్ధంగా ఉన్నాను, ఏం చేయమంటావో చెప్పు అని దాని అర్థం. నా గైడులో ఆ చుక్క గురించి ఒక్క ముక్క లేదు. ఏళ్ల తరబడి చూసీ చూసీ నా కంటికి అది కనిపించడం మానేసింది. ఆ రోజు నుంచి ఆ గైడును మొదటి పేజీ నుంచి తిరిగి రాశాను. అలా రాస్తూ నేర్చుకున్నదంతా వరసగా ఇక్కడ చెబుతాను. నా ఉదాహరణ సిమ్‌హెచ్ అనే సిమ్యులేటర్‌లోని పీడీపీ-8. మీరు రాయబోయేది మరో యంత్రం గురించైనా పద్ధతి ఇదే.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. మీ గైడులో మాత్రం వాటిని కీబోర్డు మీద కొట్టవలసిన ఆంగ్ల అక్షరాలలోనే ఇవ్వాలి.

మొదటి మెట్టు: కనిపించని యంత్రాన్ని కళ్ల ముందు నిలబెట్టండి

పీడీపీ-8ను అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మేనార్డ్ పట్టణం నుంచి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో విడుదల చేసింది. ధర దాదాపు 18,000 డాలర్లు. గదులకు గదులు నిండే కంప్యూటర్ల కాలంలో అది ఒక ప్రయోగశాల కొనుక్కోగలిగిన యంత్రం. దాని మెమరీలో 4,096 గడులు, ఒక్కో గడిలో 12 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ అయ్యే అంకెలు. ముందు పలక మీద దీపాలు, వాటి కింద స్విచ్చులు. పక్కన టెలిటైపు, అంటే కాగితం మీద సెకనుకు 10 అక్షరాలు కొట్టే టైపు యంత్రం.

ఆనాటి మాన్యువళ్లు ఇవన్నీ పాఠకుడి ఎదుట ఉన్నాయన్న నమ్మకంతో రాసినవి. ప్రోగ్రాము నడుస్తోందా ఆగిందా అన్నది దీపాలను చూస్తేనే తెలిసేది. టెలిటైపు చప్పుడు వింటే పని జరుగుతోందని తెలిసేది. సిమ్యులేటర్ వాడే కొత్తవారి ముందు ఉన్నది నల్లటి తెర మాత్రమే. దీపాలు లేవు, చప్పుడు లేదు. అందుకే పాత మాన్యువల్‌ను ఎంత శ్రద్ధగా తిరగరాసినా అది కొత్తవారికి సరిపోదు. పోయిన దీపాల స్థానంలో వాక్యాలు పెట్టాలి. ప్రతి ఆదేశం తర్వాత తెర మీద ఏం కనిపిస్తుందో చెప్పాలి. ఏమీ కనిపించకపోవడమే సరైన ఫలితమైతే, ఆ సంగతి మరీ స్పష్టంగా చెప్పాలి.

యంత్రాన్ని వర్ణించడానికి అరపేజీ చాలు. కానీ ఆ అరపేజీ చరిత్ర పాఠంలా ఉండకూడదు, తర్వాత చేయబోయే పనికి పనికిరావాలి. ఉదాహరణకు, పలక మీద స్విచ్చులు మూడేసి చొప్పున గుంపులుగా ఉండేవని చెప్పండి. మూడు స్విచ్చులతో 0 నుంచి 7 వరకు ఎనిమిది అంకెలు వేయవచ్చు. 12 స్విచ్చులంటే నాలుగు గుంపులు, కాబట్టి నాలుగు అంకెలు. ఈ ఎనిమిది అంకెలతోనే, అంటే అష్టాంశ పద్ధతిలో, లెక్కించడం ఎందుకో ఇక వేరే చెప్పనక్కరలేదు. స్విచ్చులను ఊహించుకున్నవారికి అది తనంత తానే అర్థమవుతుంది.

అలాగే ఆదేశాల పేర్లు. మెమరీలో విలువ పెట్టడానికి సిమ్‌హెచ్ వాడే మాట డిపాజిట్. చూడడానికి ఎగ్జామిన్. ఈ మాటలు ఎక్కడివి? పీడీపీ-8 పలక మీదే ఆ పేర్లతో మీటలు ఉండేవి. స్విచ్చులతో చిరునామా వేసి ఒక మీట నొక్కేవారు, విలువ వేసి డిపాజిట్ మీట నొక్కేవారు. యంత్రం తనంతట తానే తర్వాతి గడికి జరిగేది. సిమ్‌హెచ్‌లో చిరునామాను ప్రతిసారీ మనమే ఇస్తాం. ఈ చిన్న తేడాను రాసిపెడితే పాత మాన్యువల్ చదివి వచ్చినవారు తికమక పడరు.

రెండో మెట్టు: ఎవరితో మాట్లాడుతున్నామో చెప్పండి

మొత్తం గైడులో నేను అన్నిటికన్నా ఎక్కువ బరువు మోపేది ఈ మెట్టు మీదే. కొత్తవారు పడే ఇబ్బందుల్లో చాలావాటికి వేరు ఒకటే: తాము కొట్టిన అక్షరాలను ఎవరు వింటున్నారో వారికి తెలియదు.

మన పాత ఇళ్లను గుర్తు చేసుకోండి. వసారా దాటితే నట్టిల్లు, నట్టిల్లు దాటితే వంటిల్లు. సిమ్యులేటర్ కూడా అలాంటి మూడు గదుల వరస. వసారా మీ సొంత కంప్యూటర్: విండోస్ గానీ లినక్స్ గానీ. నట్టిల్లు సిమ్‌హెచ్: అక్కడ తెర మీద సిమ్ అనే మాట, దాని పక్కన బాణం గుర్తు కనిపిస్తాయి. వంటిల్లు పీడీపీ-8: అక్కడ ఓఎస్/8 ఉంటే చుక్క కనిపిస్తుంది, లేదా నడుస్తున్న ప్రోగ్రాము ఏది చూపిస్తే అది. ఒక గదిలో చెప్పాల్సిన మాట మరో గదిలో చెబితే ఎవరికీ అర్థం కాదు. ఓఎస్/8 చుక్క దగ్గర ఎగ్జామిన్ అని కొడితే ప్రశ్నార్థకమే మిగులుతుంది. సిమ్ బాణం దగ్గర డీఐఆర్ అని కొట్టి పీడీపీ-8 డిస్కులోని ఫైళ్లు రాలేదని కంగారుపడేవారూ ఉంటారు.

కాబట్టి గైడులో ప్రతి ఆదేశానికీ ముందు అది ఏ గదిలో కొట్టాలో కనిపించి తీరాలి. నేను చేసేది ఇది: సిమ్ బాణాన్ని, ఓఎస్/8 చుక్కను ఉదాహరణలో ఎప్పుడూ వదిలిపెట్టను. అయితే వాటిని బూడిద రంగులో, కొట్టవలసిన భాగాన్ని ముదురు అక్షరాల్లో చూపిస్తాను. అప్పుడు పాఠకుడు బాణాన్ని కూడా కొట్టడు. ఈ ఏర్పాటును గైడు మొదట్లోనే రెండు వరుసల్లో చెప్పేయాలి.

ఒక గది నుంచి మరో గదికి వెళ్లే దారి కూడా అక్కడే చెప్పాలి. నట్టింటి నుంచి వంటింట్లోకి వెళ్లడానికి గో, కంటిన్యూ, బూట్ ఆదేశాలు. వంటింటి నుంచి నట్టింట్లోకి రావడానికి కంట్రోల్-ఇ. నట్టింటి నుంచి వసారాలోకి రావడానికి క్విట్. కంట్రోల్-ఇ ఎందుకో కూడా చెప్పండి, ఒకసారి తెలిస్తే మరిచిపోరు. టెలిటైపులో ఆ మీటల జంట అవతలి యంత్రాన్ని ఎవరు నువ్వు అని అడిగే సంకేతం పంపేది. సిమ్‌హెచ్ దానినే తనను పిలిచే గంటగా వాడుకుంది.

ఇక కంట్రోల్-సి సంగతి. ఈనాటి అలవాటు కొద్దీ ప్రతి కొత్తవారూ బయటికి రావడానికి అదే నొక్కుతారు. పీడీపీ-8 నడుస్తున్నప్పుడు ఆ సంకేతం సిమ్‌హెచ్‌కు అందదు, నేరుగా ఓఎస్/8కే వెళుతుంది. అది నడుస్తున్న పనిని ఆపి మళ్లీ చుక్క చూపిస్తుంది. పాఠకుడు వంటింట్లోనే ఉంటాడు, బయటికి వచ్చాననుకుంటాడు. ఈ హెచ్చరికను చివరి పేజీలో పెట్టకండి, కంట్రోల్-ఇ గురించి చెప్పిన వాక్యం పక్కనే పెట్టండి.

మూడో మెట్టు: మొదటి పావుగంటలో ఒక పని పూర్తి చేయించండి

స్థాపన, ఆకృతి, పరికరాల పట్టిక, రిజిస్టర్ల పట్టిక అంటూ మొదలుపెట్టే పత్రాలు చాలా చూశాను. అవి తెలిసినవారికి బంగారం. సిమ్‌హెచ్‌తో వచ్చే పీడీపీ-8 పత్రం కూడా అలాంటిదే: చక్కటి, నమ్మదగిన సూచిక. కానీ తెలియనివారికి కావలసింది ముందు ఒక చిన్న విజయం. డిస్కులూ టేపులూ లేకుండా, ఏ ఫైలూ దింపుకోకుండా చేయగలిగిన పని ఏదైనా ఉంటే దానితో మొదలుపెట్టండి. పీడీపీ-8కు అలాంటి పని ఉంది: రెండూ మూడూ కూడటం. ఏడు గడులు నింపితే చాలు. ఎడమవైపు చిరునామా, కుడివైపు విలువ:

200 — 7300
201 — 1205
202 — 1206
203 — 3207
204 — 7402
205 — 0002
206 — 0003

వీటిని డిపాజిట్ ఆదేశంతో ఒక్కొక్కటిగా పెట్టించండి. ప్రతి డిపాజిట్ తర్వాత సిమ్‌హెచ్ ఏమీ అనదు, తిరిగి బాణం చూపిస్తుంది. మౌనం అంటే అంగీకారం అని ఇక్కడే రాయండి. తర్వాత గో 200. వెంటనే హాల్ట్ సందేశం వచ్చి యంత్రం ఆగుతుంది. ఎగ్జామిన్ 207 అంటే 0005 కనిపిస్తుంది. కొత్తవారు 1965 నాటి యంత్రానికి దాని సొంత భాషలో ప్రోగ్రాము రాశారు, అది పనిచేసింది. ఆ క్షణం కోసమే మిగతా గైడంతా.

అప్పుడు వివరణ ఇవ్వండి, అంతకుముందు వద్దు. 7300 ఎక్యుములేటర్‌ను, అంటే యంత్రం లెక్క చేసే చోటును, దాని పక్కన లింక్ అనే ఒంటి బిట్టును తుడిచేస్తుంది. 1తో మొదలయ్యేది కూడే ఆదేశం: 1205 అంటే 205వ గడిలోని విలువను ఎక్యుములేటర్‌కు కలుపు. 3207 అంటే ఫలితాన్ని 207లో దాచు. 7402 అంటే ఆగు. ఈ యంత్రానికి ఆదేశాల మొదటి అంకెలు 0 నుంచి 7 వరకు ఎనిమిదే. అందులో తీసివేత లేదు, విలువను నేరుగా తెచ్చుకునే ఆదేశం లేదు. తుడిచి కలిపితే అదే తెచ్చుకోవడం. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేయించిన వారి తెలివిని పాఠకుడు ఇక్కడ రుచి చూస్తాడు. మీకు కలిగిన ఆనందాన్ని దాచుకోకండి, ఒక వాక్యంలో చెప్పండి.

ఇప్పుడు అసలు పని. ఈ చిన్న ప్రోగ్రాములోనే కొత్తవారు తడబడే చోట్లు కనీసం మూడున్నాయి. మంచి గైడుకూ మామూలు గైడుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఒకటి. యంత్రం ఆగినప్పుడు సిమ్‌హెచ్ చూపే సందేశంలో 00205 అనే చిరునామా, దాని పక్కన ఆండ్ 2 అనే ఆదేశం కనిపిస్తాయి. పాఠకుడు ఉలిక్కిపడతాడు: ఆండ్ ఆదేశం నేను ఎక్కడ పెట్టాను? అతడు పెట్టింది 0002 అనే అంకె. 204లో ఆగిన యంత్రం తర్వాతి గడి 205 వైపు చూస్తోంది. సిమ్‌హెచ్ ఆ గడిలోని అంకెను ఆదేశంగా చదివి చూపిస్తోంది. ఈ యంత్రంలో అంకెకూ ఆదేశానికీ వేరు వేరు అరలు లేవు, చదివే తీరును బట్టే తేడా. కంప్యూటర్ల గురించి తెలుసుకోవలసిన పెద్ద విషయాల్లో ఇదొకటి, అది గందరగోళం రూపంలో వచ్చి తలుపు తట్టింది. ఆ అవకాశం వదలకండి.

రెండు. పాఠకుడు ఉత్సాహంతో ఎగ్జామిన్ ఏసీ అని ఎక్యుములేటర్‌ను చూస్తాడు. అక్కడ 5 ఉండదు, 0000 ఉంటుంది. 3తో మొదలయ్యే ఆదేశం విలువను గడిలో దాచి ఎక్యుములేటర్‌ను ఖాళీ చేస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే అతడు తన ప్రోగ్రాము తప్పనుకుని మొదటి నుంచి కొట్టడం మొదలుపెడతాడు.

మూడు. 205లో 0005, 206లో 0006 పెట్టి మళ్లీ నడపమనండి. ఫలితం 0013. అయిదూ ఆరూ పదమూడా? అష్టాంశంలో 13 అంటే ఒక ఎనిమిదీ మూడూ, అంటే పదకొండు. ఈ ప్రశ్నను మీరే అడిగి మీరే విప్పి చెప్పాలి. ఆ తర్వాత 205లో 7777, 206లో 0003 పెట్టి చూడమనండి. 0002 వస్తుంది, లింక్ బిట్టు 1 అవుతుంది. 12 బిట్లలో 7777 అంటే మైనస్ ఒకటి. తీసివేత ఆదేశం లేని యంత్రం తీసివేత ఎలా చేస్తుందో ఈ ఒక్క ప్రయోగంతో తెలిసిపోతుంది. ఇంతకన్నా ముందుకు మొదటి పావుగంటలో వెళ్లకండి.

అంకెల విషయంలో ఇంకొక మెలిక. చిరునామాలు, విలువలు అష్టాంశంలో ఇస్తాం. కానీ స్టెప్ ఆదేశంతో ఇన్ని అడుగులు వెయ్యి అని చెప్పే సంఖ్య మామూలు దశాంశం. స్టెప్ 10 అంటే పది ఆదేశాలు, ఎనిమిది కాదు. ఇలాంటి మినహాయింపు ఎక్కడ వస్తుందో అక్కడే చెప్పాలి.

నాలుగో మెట్టు: ఆగని ప్రోగ్రామును ఆపడం నేర్పండి

కంట్రోల్-ఇ గురించి చదివినంత మాత్రాన చేతికి అలవాటు కాదు. అది అవసరమయ్యే పరిస్థితిని మీరే సృష్టించి ఇవ్వండి. 200లో 7001, 201లో 5200. మొదటిది ఎక్యుములేటర్‌కు ఒకటి కలుపుతుంది, రెండోది తిరిగి 200కు పంపుతుంది. గో 200 అనగానే తెర నిశ్చలమైపోతుంది. బాణం రాదు, ఏ అక్షరం కొట్టినా స్పందన ఉండదు. అసలు యంత్రమైతే దీపాలు రెపరెపలాడుతూ ఉండేవి. పాఠకుడికి ఆ దృశ్యం చెప్పండి. తర్వాత కంట్రోల్-ఇ నొక్కమనండి, ఎగ్జామిన్ ఏసీ అనమనండి.

అక్కడ కనిపించే అంకె ప్రతిసారీ మారుతుంది. మీ తెర మీద వచ్చిన అంకెను గైడులో అచ్చు వేసి ఊరుకుంటే, తనకు వేరే అంకె వచ్చిందని పాఠకుడు ఆందోళన పడతాడు. ఉదాహరణల్లో ఏవి అచ్చంగా ఇలాగే రావాలో, ఏవి మారుతాయో విడదీసి చెప్పడం రాసేవారి బాధ్యత. కంటిన్యూ అంటే ఆగిన చోటు నుంచే లెక్క సాగుతుందని కూడా ఇక్కడే చూపించండి.

మరొక తేడా ఈ మెట్టులోనే చెప్పడం మంచిది. పీడీపీ-8 మెమరీ చిన్న చిన్న అయస్కాంత వలయాలతో కట్టింది. కరెంటు తీసినా అందులోని విలువలు ఉండిపోయేవి. సిమ్యులేటర్‌లో క్విట్ అంటే అన్నీ పోతాయి. ఉంచుకోవాలంటే ముందు సేవ్, తర్వాత రిస్టోర్. పాత పుస్తకాలు చదివి మరునాడు వచ్చి వెతుక్కునేవారికి ఈ ఒక్క వాక్యం గంట సమయం మిగులుస్తుంది.

ఐదో మెట్టు: డిస్కు

ఇప్పుడు ఓఎస్/8. అటాచ్ ఆదేశంతో ఆర్‌కే0 అనే డిస్కు పరికరానికి డిస్కు నకలు ఫైలును తగిలించాలి, తర్వాత బూట్ ఆర్‌కే0. చుక్క వస్తుంది. చుక్క వచ్చిన వెంటనే ఏం కొట్టాలో అదే పేజీలో, అదే చోట చెప్పండి. డీఐఆర్ అని కొడితే ఫైళ్ల జాబితా వస్తుంది, మనిషికి ఊపిరి ఆడుతుంది. ఆ జాబితాలో తేదీలు విచిత్రంగా ఉంటే భయపడవద్దని చెప్పండి. ఓఎస్/8 తేదీలో సంవత్సరానికి మొదట్లో 3 బిట్లే కేటాయించారు, 1970 నుంచి 1977 వరకే అందులో పడుతుంది.

ఇక్కడ రెండు ప్రమాదాలు. అటాచ్‌లో ఫైలు పేరు ఒక అక్షరం తప్పు కొడితే సిమ్‌హెచ్ తప్పని అనదు. ఆ పేరుతో కొత్త ఫైలు తయారుచేస్తున్నానని ఒక వాక్యం చెప్పి ఖాళీ డిస్కును తగిలిస్తుంది. తర్వాత బూట్ చేస్తే ఏదీ రాదు, పాఠకుడు బూట్ ఆదేశాన్ని అనుమానిస్తాడు. కొత్త ఫైలు అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగి పేరు సరిచూసుకోమని రాయండి. ఫైలు లేకపోతే ఒప్పుకోవద్దని చెప్పే గుర్తు కూడా అటాచ్‌కు ఉంది, ఆదేశం తర్వాత చిన్న గీత, ఇ అక్షరం. కొత్తవారి గైడులో నేను దానితోనే నేర్పిస్తాను.

రెండోది: డిస్కులో చేసిన ప్రతి మార్పూ ఆ ఫైలులోకే వెళ్లిపోతుంది. ముందు ఒక ప్రతి తీసి పక్కన పెట్టుకోమనడం హెచ్చరికగా మిగలకూడదు, అది గైడులో ఒక అంకె వేసిన పని కావాలి. ఆ డిస్కు ఫైలు ఎక్కడిదో, దాన్ని పంచుకోవడానికి అనుమతి ఏమిటో కూడా ఒక వరుసలో రాయండి.

ఆరో మెట్టు: తెలుగులో రాసేటప్పుడు

ఇది మనకు మాత్రమే ఉన్న చిక్కు, దీని గురించి చెప్పేవారు తక్కువ. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుంటుంది. డిపాజిట్‌ను, డిపాజిట్‌తో అని రాస్తాం. ఆంగ్ల అక్షరాల్లో ఉన్న ఆదేశం చివర ను, తో అంటించితే, నకలు తీసి అతికించుకునేవారి తెర మీదికి ఆ తెలుగు అక్షరం కూడా వెళుతుంది. అందుకే ఆదేశం తర్వాత ఎప్పుడూ ఆదేశం అనే మాట వేసి, విభక్తిని ఆ మాటకు తగిలించండి. కొట్టవలసిన వరుసను వాక్యం మధ్యలో ఇరికించకుండా విడిగా ఒక వరుసలో పెడితే మరీ మంచిది. రాసే సాఫ్ట్‌వేర్ చిన్న గీతను తనంతట తాను పెద్ద గీతగా మార్చేస్తుంది, అదీ గమనించుకోవాలి.

మాటల ఎంపికలో నా మొగ్గు తెలిసిన మాటల వైపే. మెమరీ, స్విచ్చు, రిజిస్టరు, బిట్టు అలాగే ఉండనిస్తాను. వర్డ్ అనే సాంకేతిక మాటకు పదం అని రాస్తే పాఠకుడు భాషలోని పదమనుకుంటాడు. నేను గడి అంటాను, ఒక్కసారి 12 బిట్ల గడి అని చెప్పి చివరిదాకా అదే వాడతాను. ఒకసారి గడి, ఒకసారి అర, ఒకసారి స్థానం అని మార్చి రాస్తే కథల్లో అందంగా ఉంటుందేమో, గైడులో మాత్రం మూడు వేర్వేరు వస్తువులున్నాయని అనిపిస్తుంది.

మాటలు దొరకనప్పుడు అడగడానికి మనకు పెద్దవాళ్లున్నారు. హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12 కూడా 12 బిట్ల యంత్రమే. అలాంటి యంత్రాల ముందు కూర్చుని స్విచ్చులు వేసి, కాగితపు టేపు ఎక్కించినవారు మీ బంధువుల్లోనో ఇరుగుపొరుగులోనో ఉంటే, ఆ పనిని వారు నోటితో ఎలా చెబుతారో వినండి. నిఘంటువులో దొరకని క్రియలు వారి దగ్గర దొరుకుతాయి.

ఏడో మెట్టు: గైడు నిజమో కాదో యంత్రంతోనే తేల్చండి

బాబ్ సుప్నిక్ 1993లో మొదలుపెట్టిన సిమ్‌హెచ్ ఈనాటికీ మారుతూనే ఉంది. 2022 నుంచి ఓపెన్ సిమ్‌హెచ్ అనే శాఖ వేరుగా నడుస్తోంది. కాబట్టి గైడు తలమీద మీరు పరీక్షించిన శాఖ, సంచిక, తేదీ ఉండాలి. షో వర్షన్ అంటే సిమ్‌హెచ్ తన వివరం తానే చెబుతుంది. ఆ వరుసను ఉన్నదున్నట్టు అచ్చు వేయండి, పాఠకుడిని కూడా తన వరుసతో పోల్చుకోమనండి.

గైడులోని ఉదాహరణలన్నిటినీ ఒక ఆదేశాల ఫైలుగా రాసి పెట్టుకోండి. సిమ్‌హెచ్ డూ ఆదేశంతో ఆ ఫైలును నడుపుతుంది. అసర్ట్ అనే ఆదేశంతో ఫలితం అనుకున్నట్టే వచ్చిందా అని కూడా చూడవచ్చు. కొత్త సంచిక వచ్చినప్పుడల్లా దాన్ని నడిపితే ఏ పేజీ అబద్ధమైపోయిందో నిమిషంలో తెలుస్తుంది. నా మొదటి గైడులో కూడిక ఉదాహరణలో 1206 బదులు 1026 అని పడింది. దాదాపు ఏడాది ఎవరూ చెప్పలేదు. చదివినవారు తమదే తప్పనుకుని ఉంటారన్నది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆదేశాల ఫైలు ఉండి ఉంటే ఆ పొరపాటు నా గుమ్మం దాటేది కాదు.

ఎనిమిదో మెట్టు: పక్కన కూర్చోండి, మాట్లాడకండి

యంత్రం ఒప్పుకున్నాక మనిషి ఒప్పుకోవాలి. పీడీపీ-8 పేరు ఎన్నడూ వినని ఒకరిని పిలవండి. సిమ్యులేటర్ లేని కంప్యూటర్ ఇవ్వండి, మీ కంప్యూటర్ వద్దు, అందులో మీరు ఎప్పుడో చేసి మరిచిపోయిన అమరికలుంటాయి. గైడు చేతికిచ్చి కీబోర్డుకు దూరంగా కూర్చోండి. అతడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ పేజీ వెనక్కి తిప్పాడో రాసుకోండి. అడిగిన ప్రతి ప్రశ్నకూ నోటితో జవాబు చెప్పకుండా, ఆ జవాబు గైడులో ఎక్కడ ఉండాలో గుర్తు పెట్టుకోండి. ఇది కష్టమైన పని. చెయ్యి కీబోర్డు వైపు పోతూనే ఉంటుంది.

ఒక మనిషి ఆగిన చోటును వెంటనే సరిచేయండి, ఇంకొకరు కూడా ఆగేదాకా ఎదురుచూడవద్దు. ఆగిన చోట హెచ్చరికల పెట్టెలు పెంచుకుంటూ పోకండి. సాధారణంగా అంతకు ముందు వాక్యంలోనే లోపం ఉంటుంది. తప్పుల పేజీ అంటూ ఒకటి చివర పెడితే, దాన్ని తెర మీద కనిపించే సందేశాల వరసలో అమర్చండి. చిక్కులో పడినవారికి కారణం తెలియదు, కనిపిస్తున్నది మాత్రమే తెలుసు. అందుకే నా పేజీలో శీర్షికలు ఇలా ఉంటాయి: బాణం తిరిగి రాలేదు. చుక్క వచ్చి ఆగిపోయింది. 8 గానీ 9 గానీ కొడితే ఒప్పుకోవడం లేదు. కొత్త ఫైలు తయారుచేస్తున్నానంటోంది.

దసరాకు మా మేనకోడలు తన స్నేహితురాలిని తీసుకుని వచ్చింది. తిరగరాసిన గైడు ఆ అమ్మాయికి ఇచ్చాను. చుక్క రాగానే ఆమె ఒక్క క్షణం పేజీ వైపు చూసి డీఐఆర్ కొట్టింది. జాబితా తెర మీదికి దిగుతుంటే, టెలిటైపు మీదైతే ఇది ఎంతసేపు పట్టేదని అడిగింది. సెకనుకు 10 అక్షరాల లెక్కన ముగ్గురం కాగితం తీసుకుని కూర్చున్నాం. ఆ లెక్క ఇప్పుడు గైడులో ఐదో మెట్టు చివర అభ్యాసంగా ఉంది.